పెద్ద తట్ట

వంకర కనిపిస్తే అతనికి ముద్ద దిగదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గడపకేసి చూస్తాడు, ఆ తర్వాతే మనిషికేసి చూస్తాడు. బండ పరిచాక దానిమీద రసమట్టం పెట్టి, గాజుగొట్టంలో బుడగ నడిమధ్యకి వచ్చి నిలబడేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాడు. వెంట్రుకవాసి పక్కకి జరిగినా బండ ఊడబెరికి మళ్ళీ పరుస్తాడు. అందుకే పనిలో అందరూ అతన్ని రసమట్టం అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిస్తే, ఎవర్నో అనుకుని అతనే తల తిప్పడు.

కూతుర్ని నిచ్చెన అంటారు. ఆ పేరూ పనివాళ్ళు పెట్టిందే. మోకాళ్ళూ మోచేతులూ తప్ప మరేమీ లేనట్టుండే పిల్ల. కుట్టించిన గౌను ఉతికేలోగా పొట్టిదైపోయేది.

"ఏం పెడుతున్నావే వదినా దీనికి? ఇట్లా పోతే మేస్త్రి సెంట్రింగు కర్రలు కొనడు, దీన్నే తెచ్చి స్లాబు కింద నిలబెడతాడు," అని ఆడవాళ్ళు వేళాకోళమాడితే తల్లి మెడ పట్టుకుని నవ్వేది. నవ్వినా ఆమెకి మెడ పట్టుకోక తప్పదు. ఏళ్ళ తరబడి తట్ట మోసి మోసి అందులో నరమొకటి బిగుసుకుపోయింది. పక్కకి చూడాలంటే భుజాలతో సహా తిరగాలి.

ఆ ఏడు వాళ్ళకి పని ఒక ఆటల పార్కులో దొరికింది. కొలను చుట్టూ బండలు పరచడం, దాని వెనక కొత్త క్యాంటీను కట్టడం. పనికీ ఆటలకీ మధ్య నిలువెత్తు రేకులు. ఇవతల కాంక్రీటు కలిపే మిల్లరు రొద, ఇసుక, కంకర, ఎండ. అవతల పెద్ద చక్రం, గిరగిర తిరిగే కుర్చీలు, మనుషుల్ని పైకెత్తి ఒక్కసారిగా కిందకి వదిలే ఇనుప స్తంభం. పనివాళ్ళు వెనక గేటున రావాలి, వెనక గేటునే పోవాలి. స్తంభం మీదినుంచి జనం పడ్డప్పుడల్లా పెద్ద కేక ఒకటి రేకులు దాటి వచ్చేది. మొదటి రోజు నిచ్చెన తట్ట కింద పడేసి, "ఎవరో పడ్డారే అమ్మా!" అని పరుగెత్తబోయింది.

"డబ్బిచ్చి పడుతున్నార్లేవే," అన్నాడు పార బావ. మిల్లరు దగ్గర పార పట్టుకుని తట్టలు నింపే ముసలాయన అతను. ఎవరికి ఏ వరసైనా అందరికీ బావే. "మనం ఊరికే పడతాం కాబట్టి మనకి కేకలుండవు. అదే తేడా."

ఆ గుంపులో తట్టలు రెండు రకాలు. చిన్న తట్ట ఎత్తేవాళ్ళది అర కూలీ. వాళ్ళకి మధ్యాహ్నం భోజనాల వరకే పని, తర్వాత కంచె మూలనున్న షెడ్డులో టీచరమ్మ దగ్గర కూర్చుని చదువుకోవాలి. పెద్ద తట్ట ఎత్తేవాళ్ళది నిండు కూలీ, పొద్దుగూకేదాకా పని. అర కూలీ అమ్మానాన్నల చేతికిస్తారు. నిండు కూలీ ఎవరిది వాళ్ళ చేతికే. ఎవరు చిన్నో ఎవరు పెద్దో ఎక్కడా రాసుకునేది లేదు. పెద్దమేస్త్రి ఒకరోజు నలుగురి ముందూ పిలిచి పెద్ద తట్ట చేతిలో పెడతాడు. ఆ పూటనుంచి ఆ మనిషి పెద్ద. ఇచ్చిన తట్టని వెనక్కి తీసుకున్నది ఆ గుంపులో ఎవరూ ఎరగరు.

నిచ్చెనది చిన్న తట్ట. ఆ పిల్లకి షెడ్డంటే ప్రాణం. భోజనాల గంట కొట్టగానే తట్ట బోర్లించి, మోచేతులదాకా సిమెంటు కడుక్కుని, తిన్నదీ తిననిదీ చూడకుండా లేచి పోయేది. అక్షరం ముక్క రాని కొంపలో చదువు నేర్చుకున్నది అదొక్కతే. బస్తాల మీద చదివేది, లారీల వెనక చదివేది. ఒకసారి తండ్రి కూర్చుని బండలు చెక్కుతున్నచోట గోడవైపు చెయ్యి చూపించి, "నాన్నా, ఇక్కడ ఎవరూ కూర్చోకూడదట. రాసుంది," అంది.

"ఎప్పట్నుంచీ?"

"ఎప్పట్నుంచో."

"చదువు రాకపోవడం ఒక్కోసారి నయమే," అని అతను మళ్ళీ ఉలి అందుకున్నాడు. లోపల మాత్రం అతని ఛాతీ జానెడు పొంగింది.

కొలను చుట్టూ ఆఖరి బండ పడిన సాయంత్రం అతను మాటిచ్చాడు. "ఆదివారం ముందు గేటున పోదాం. అందర్లాగే టిక్కెట్టు కొనుక్కుని."

"రేకుల సందులోంచి రోజూ చూస్తూనే ఉందిగా అది," అంది భార్య.

"సందులోంచి చూసేదాన్ని చూడడం అంటారటే?"

"సందులోంచే టిక్కెట్ల బోర్డు చదివేశానమ్మా," అంది నిచ్చెన. "పన్నెండేళ్ళ లోపు పిల్లలకి సగం. నాకు సగమే."

అప్పుడొచ్చింది చిక్కు. దానికెన్నేళ్ళు? వాళ్ళు కాలాన్ని కట్టిన కట్టడాలతో కొలుచుకునే మనుషులు. పెళ్ళయింది వంతెన పనిలో. అతని తండ్రి పోయింది సినిమా హాలు గోడలప్పుడు. పిల్ల దగ్గరకొచ్చేసరికి ఇద్దరికీ పొత్తు కుదరలేదు.

"గోడౌను గచ్చు వేసేటప్పుడు పుట్టింది. బాగా గుర్తు," అన్నాడతను.

"నీ మొహం. ఆసుపత్రి మెట్లు కడుతున్నాం. ఆ మెట్లమీదే నాకు నొప్పులొచ్చాయి. కన్నది నువ్వా నేనా?"

"మెట్లమీద నొప్పులొస్తే ఆసుపత్రిలోకి పోక గుడిసెలో ఎందుకు కంటావే?"

"వాళ్ళు రానిచ్చారు గనకనా?"

గోడౌనైతే పదకొండు, ఆసుపత్రయితే పన్నెండు. ఇద్దరూ కాసేపు వాదులాడుకుని, సగం టిక్కెట్టు ముఖం చూసి గోడౌనే ఖాయం చేశారు.

ఆదివారం ముగ్గురూ తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని ముందు గేటు దగ్గర వరసలో నిలబడ్డారు. నెలల తరబడి ఆ గోడ వెనకే పనిచేస్తున్నా ముందువైపు ఎలా ఉంటుందో వాళ్ళు చూడనేలేదు. గేటు పక్కన రంగులేసిన చెక్క జిరాఫీ ఒకటుంది. దాని మెడమీద ఎర్రగీత. టిక్కెట్ల కుర్రాడు టోపీ వెనక్కి తోసుకుని, వచ్చిన పిల్లల్నల్లా దాని పక్కన నిలబెడుతున్నాడు.

"రెండు పెద్దవి, ఒక చిన్నది," అన్నాడు రసమట్టం.

కుర్రాడు నిచ్చెనని పైకీ కిందికీ చూశాడు. "వయసు కాయితం ఉందా?"

"గోడౌనులో పుట్టింది బాబూ. అక్కడ కాయితం ఎవరిస్తారు?"

"కాయితం లేకపోతే గీతే. పొమ్మను, జిరాఫీ దగ్గర నిలబడమను."

నిచ్చెన వెళ్ళి నిలబడింది. దానికి చెప్పినవాళ్ళెవరూ లేరు. గౌను అంచుల కింద కనీకనపడకుండా మోకాళ్ళు రెండూ కాస్త వంచింది, మెడ భుజాల్లోకి దించింది. తల సరిగ్గా గీతకి తగిలీ తగలకుండా ఆగింది. వెనక వరస పొడుగ్గా పెరిగిపోతోంది. కుర్రాడికి తొందరగా ఉంది. చెయ్యి ఊపబోతున్నాడు, పొమ్మని.

ఆ క్షణంలో తండ్రి కంటికి ఆ వంకర కనిపించింది. ఎడమ మోకాలు కుడిదానికంటే ఎక్కువ వంగి, నడుము ఒక పక్కకి ఒరిగి, అమర్చని బండలా ఉంది పిల్ల. ఆలోచన కంటే ముందు నోరే కదిలింది.

"తిన్నగా నిలబడవే!"

పిల్ల ఉలిక్కిపడి తిన్నగా నిలబడింది. గీత దాని చెవి దగ్గరికి వచ్చింది.

కుర్రాడు నవ్వాడు. "చూశారా, ఇంట్లోవాళ్ళే చెప్పారు. మూడూ పెద్దవే."

రసమట్టం మొహం మాడిపోయింది. మూడు పెద్ద టిక్కెట్లకి సరిపడా మూటలో లేదు. అతను నోరు తెరిచేలోగా భార్య వరసలోంచి పక్కకి జరిగింది. "నాకు తిరిగేవి పడవులేవయ్యా. కళ్ళు తిరుగుతాయి. మీరు పోయిరండి," అని గోడ నీడలోకి పోయి కూలబడింది. ఏనాడు ఎక్కిందని ఆమెకి కళ్ళు తిరిగాయో అతను అడగలేదు.

వాళ్ళ వెనకే పెద్దమేస్త్రి ఉన్నాడు, పెళ్ళాంతో, కొడుకుతో. గుంపులోవాళ్ళు ఇంకో నలుగురైదుగురు కూడా వెనక నిలబడి ఉన్నారు. మేస్త్రి కొడుకు గుండ్రంగా, గుమ్మడికాయలా ఉంటాడు. పెద్ద బడిలో చదువు. పైపెదవి మీద నూగుమీసం నల్లబడి ఏడాది దాటింది. వాణ్ణి జిరాఫీ పక్కన నిలబెడితే తల గీతకి బెత్తెడు కిందే ఆగింది. "చిన్నది," అని కుర్రాడు సగం టిక్కెట్టు చించిచ్చాడు.

"అన్నా," అన్నాడు రసమట్టం, "నీవాడికి గడ్డం గీయడం మొదలెట్టి ఎన్నాళ్ళయింది?"

జనం నవ్వారు. మేస్త్రి కొడుకు మూతి మీద చెయ్యి పెట్టుకున్నాడు. మేస్త్రి కూడా నవ్వాడు. "నన్నెందుకంటావురా? నేను చెప్పానా? గీత చెప్పింది."

"గీత చెప్పిందే న్యాయమంటావ్?"

"అంతేగా మరి."

"అయితే నా కూతురు పెద్దదని అదే గీత చెప్పింది. ఇక్కడ పెద్దదైనది నీ దగ్గర చిన్నదెట్లా అవుద్ది? ఇక్కడ నిండు టిక్కెట్టు, అక్కడ అర కూలీనా? ఏం మట్టమిది? రేపట్నుంచి నిండు కూలీ ఇయ్యి, నలుగురూ వింటున్నారు."

గుంపులోవాళ్ళు "అదీ మాట!" అన్నారు. మేస్త్రి నవ్వు ఆపాడు. నిచ్చెనకేసి చూశాడు, అరికాలినుంచి మాడుదాకా, దుంగని కొనేముందు చూసినట్టు. సోమవారం క్యాంటీను స్లాబు మొదలు. స్లాబు మధ్యాహ్నానికి ఆగేది కాదు. మనుషులు చాలక అతను రెండు రోజులుగా తల పట్టుకుంటున్నాడు.

"ఇచ్చాన్లేరా," అన్నాడు. "పొద్దున్నే పెద్ద తట్ట."

అంత తొందరగా ఒప్పుకుంటాడని రసమట్టం అనుకోలేదు. గెలిచినవాడిలా మీసం దువ్వుకుని, కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు.

లోపల అన్నీ పెద్దవే. నిచ్చెన దారి పొడుగునా బోర్డులు చదువుతూ నడిచింది. కొలను దగ్గర తాము పరిచిన బండలమీద చెప్పులు విప్పి నడిచి, "చల్లగా ఉన్నాయి నాన్నా," అంది. అతను ఒకచోట ఆగి బొటనవేలితో సందు తడిమి చూసుకున్నాడు. పక్కనే ఒకాయన పళ్ళరసం ఒలకబోసి, కాలితో అటూ ఇటూ పులిమి వెళ్ళిపోయాడు.

పెద్ద చక్రం ఎక్కారు. కింద జనం చిన్నగా అయిపోయారు. చక్రం అందరికంటే పైకి పోయి, ఎక్కేవాళ్ళ కోసం అక్కడే ఆగింది. ఊగుతున్న తొట్టిలో అతను రెండు చేతులా కమ్మీ పట్టుకున్నాడు. నిచ్చెన మాత్రం రేకుల అవతలకి చూస్తోంది. ఇసుక గుట్ట, మిల్లరు, మొండిగా నిలబడ్డ క్యాంటీను స్తంభాలు, ఓ మూల అగ్గిపెట్టంత షెడ్డు.

"నాన్నా."

"ఊఁ."

"టీచరమ్మకి ఎవరు చెప్తారు?"

"ఏమని?"

"ఇంక రానని."

అతనికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పెద్ద తట్ట అంటే పొద్దుగూకేదాకా. తను గేటు దగ్గర అడిగినదాంట్లో మధ్యాహ్నం కూడా ఉందన్న సంగతి, ఇంత పొద్దూ అతని బుర్రకి తట్టనేలేదు. పిల్లకి మాత్రం అక్కడే, ఆ జిరాఫీ పక్కనే తెలిసిపోయింది. తెలిసీ ఏమీ అనకుండా బోర్డులు చదువుకుంటూ వచ్చింది.

"మేస్త్రి సంగతి నేను చూసుకుంటాగా," అన్నాడు. చక్రం కదిలింది.

ఆఖరున స్తంభం దగ్గర ఆగి, "ఎక్కుతావా?" అని అడిగాడు. ఎక్కుతానంది. అతను కింద నిలబడి చూశాడు. బెంచీ పైకిపోయింది, ఆగింది, పడింది. దానితోపాటు పడినవాళ్ళందరూ కేక పెట్టారు, తన కూతురు తప్ప.

"నువ్వెందుకు కేకెయ్యలేదే?"

"రాలేదు నాన్నా," అంది నిచ్చెన.

సోమవారం పొద్దున్నే పోయేసరికి మేస్త్రి నోట్లో బ్రష్షు పెట్టుకుని నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడి ఉన్నాడు.

"అన్నా, నిన్న కోపంలో నోరు జారింది. పిల్ల చిన్న తట్టలోనే ఉండనీ."

మేస్త్రి తాపీగా నోరు పుక్కిలించాడు. "నలుగుర్లో అడిగావు, నలుగుర్లో ఇచ్చాను. ఇవాళ వెనక్కి తీసుకుంటే రేపు ఒక్కొక్కడూ వచ్చి నా పిల్లాడు పెద్దంటాడు, ఎల్లుండి కాదంటాడు. నేను గుంపు నడపనా, తట్టలు మారుస్తూ కూర్చోనా?"

"చదువుకుంటోందన్నా అది."

"నేను వద్దన్నానా? నువ్వే కదరా కూలీ అడిగింది." అతను మొహం తుడుచుకున్నాడు. మాటలో కోపమేం లేదు. "పైగా స్లాబు. నా ఇబ్బంది నీకు తెలీదా? పదపద."

పెద్ద తట్ట అందరి ముందూ చేతికిచ్చాడు. ఆడవాళ్ళు ఈలలేశారు. "మా గుంపులో పడ్డావే కోడలా! ఇక నీకూ నడుం నొప్పి, మాకూ నడుం నొప్పి," అని ఒకామె తన పాత చీర చింపి తలమీద చుట్టగుడ్డ చుట్టిపెట్టింది. నిచ్చెన సిగ్గుపడి నవ్వింది. తల్లి నవ్వలేదు. చుట్టగుడ్డ కాస్త ముందుకి జరిపి, "బరువు నుదుటిమీదికి రానియ్యకు. నడినెత్తిన ఉండాలి," అంది. అంతే అంది.

పార బావ పారతో కాంక్రీటు వేస్తున్నాడు, తట్టకి ఇన్ని పారలని లెక్క. ఇద్దరు ఎత్తి తలకెక్కిస్తే, చెక్కల వాలు మీదుగా పైకి పోవడం, పైన కుమ్మరించడం, మరోపక్క నుంచి దిగడం. మిల్లరు ఆగదు, వరస ఆగదు. ముందు మనిషి మడమలు చూసుకుంటూ నడవాలి. రసమట్టం పైన స్లాబు మట్టం చూస్తున్నాడు. పరిచిన కాంక్రీటు మీద పొడుగాటి చెక్క లాగుతూ, వచ్చే తలల్లో కూతురి తల కోసం చూశాడు. మొదట్లో అది గబగబా వచ్చేది. ఎండెక్కాక అడుగు నెమ్మదించింది. వాలు ఎక్కేటప్పుడు గీతకింద వంచినట్టే మోకాళ్ళు వంగుతున్నాయి. ఇప్పుడతను చెక్క లాగుతూ పోయాడు.

భోజనాల గంట కొట్టారు. చిన్న తట్టల పిల్లలు తట్టలు బోర్లించి షెడ్డువైపు పరుగెత్తారు. నిచ్చెన సగం లేచింది. లేచి, చుట్టూ చూసి, మళ్ళీ ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

సాయంత్రం కూలీ పంచేటప్పుడు మేస్త్రి నిచ్చెననే పిలిచాడు. అది గుప్పిట్లో పెట్టిన డబ్బుకేసి చూసి, ఏం చెయ్యాలో తెలీక కాసేపు నిలబడి, తెచ్చి తల్లి ఒళ్ళో వేసింది. రాత్రి తినకుండానే నిద్రపోయింది.

మంగళవారం స్లాబు గట్టిపడడానికి వదిలారు. మిగతావాళ్ళంతా కంకర మోత. పోసిన స్లాబుని ఎండకి పగలకుండా రోజంతా తడపాలి. అది తేలిక పని, గొట్టం పట్టుకు నిలబడడమే. మేస్త్రి తట్టల లెక్క చూసుకుని నిచ్చెన తల్లిని పిలిచాడు.

"నీ పిల్ల ఎత్తుకుందిగా, ఒక తట్ట మిగిలింది. నువ్వు పైకి పోయి నీళ్ళు కొట్టమ్మా. ఆ మెడతో ఎన్నాళ్ళు మోస్తావు?"

ఆమె ఆ మాట నమ్మలేనట్టు చూసింది. పైకి పోయి, గొట్టం నోటికి బొటనవేలు అడ్డం పెట్టి నీళ్ళు చిమ్మింది. మధ్యాహ్నానికల్లా ఆమె మెడ ఒకవైపుకి, కొద్దిగానైనా, భుజం కదలకుండా తిరిగింది. అది తనే గమనించి, ఎవరూ చూడకుండా మళ్ళీ ఒకసారి తిప్పి చూసుకుంది. కింద కంకర నింపుకుంటున్న నిచ్చెన చూడనే చూసింది.

భోజనాలయ్యాక టీచరమ్మ వచ్చింది. బక్కపల్చటి మనిషి, చేతినిండా సుద్ద. ముందు రసమట్టం దగ్గరికొచ్చింది. "మీ అమ్మాయి నిన్న రాలేదు, ఇవాళా రాలేదు. ఒంట్లో బాగాలేదా?"

అతను తాపీ కింద పెట్టి లేచాడు. జరిగిందంతా చెప్పాడు, తిన్నగా నిలబడమన్న మాటతో సహా. చెప్తున్నంతసేపూ నేలచూపే.

"మీరడిగితే వద్దన్నాడు. నేనడుగుతాను," అంది ఆమె, సరాసరి మేస్త్రి దగ్గరికి పోయి నిలబడింది. ఏం మాట్లాడిందో ఇవతలికి వినపడలేదు. చేతులు తిప్పింది, షెడ్డు చూపించింది. మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. చదువుకున్న ఆడమనిషితో నలుగురిలో గొడవెందుకనుకున్నాడో, నిజంగానే జాలి కలిగిందో, చివరికి గట్టిగా అన్నాడు. "సరేనమ్మా, తీసుకుపొండి. మా గుంపులో ఎప్పుడూ చెయ్యని పని ఇది. ఒరే రసమట్టం, నీ పిల్లకి చిన్న తట్టే ఇస్తున్నా. వాళ్ళమ్మని రమ్మను కిందకి. రేపు వంటగది మీద రెండో స్లాబుకి నాకు తట్ట తగ్గకూడదు."

రసమట్టం ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "నిచ్చెనా!" అని అరిచాడు. "ఇటు రావే! బడికి పో!"

నిచ్చెన కంకర తట్ట దించి వచ్చింది. చుట్టగుడ్డ తీసి మొహం తుడుచుకుంది. టీచరమ్మ దాని భుజం మీద చెయ్యి వేసింది. "పదమ్మా. మొన్న సగంలో ఆపేసిన పాఠం నువ్వే చదవాలి."

పిల్ల కదల్లేదు. పైకి చూసింది. స్లాబు అంచున తల్లి నిలబడి ఉంది, కింద ఏం జరుగుతోందో తెలీక, గొట్టం పట్టుకుని. నీళ్ళు వృథాగా కారిపోతున్నాయి.

"నేను రాను టీచర్," అంది.

"ఏమంటున్నావే?" అన్నాడు తండ్రి.

"నేను పోతే అమ్మ దిగాలి."

"దిగుద్ది! ఇన్నాళ్ళూ మొయ్యలేదా? అదంతా మా గోల, నీకెందుకే?"

"ఇవాళ అమ్మ మెడ తిరిగింది నాన్నా. నువ్వు చూళ్ళేదు." దాని గొంతులో ఏడుపు లేదు. నీళ్ళ డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుంటూ ఆడవాళ్ళు మాట్లాడుకున్నట్టే మాట్లాడింది. "ఇందాక భోజనాలప్పుడు నా జడ వేస్తూ నన్ను నిలబెట్టింది. రోజూ కింద కూర్చోబెట్టి వేస్తుంది, చేతులు లేవక. నేనిప్పుడు చిన్నదాన్నని పోయి కూర్చుంటే ఆ తట్ట ఎవరి నెత్తిన పెడతారు?"

"నేను మోస్తానే."

"నీకు తట్ట ఇవ్వరుగా. నువ్వు బండలు పరచాలి."

అది నిజమే. అతను టీచరమ్మకేసి చూశాడు, ఆమె దగ్గరేదో మాట ఉంటుందని. ఆమె భుజం మీదినుంచి మెల్లిగా చెయ్యి తీసేసింది. దాని గౌను మీద సుద్ద గుర్తు మిగిలింది.

"సాయంత్రాలు రా," అంది చివరికి. "నేను కాసేపు ఉంటాను."

"వస్తాను టీచర్," అంది నిచ్చెన. పొద్దుగూకాక ఆ షెడ్డులో దీపం లేదని ముగ్గురికీ తెలుసు.

ఆ సాయంత్రం భార్యకి అతను సంగతి చెప్పాడు. ఆమె వింటూ పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. "రేపు నేనే ఎత్తుకుంటా. దాన్ని ఎట్లాగోలా పంపు," అంది. కాసేపయ్యాక, "ఈ ఒక్క స్లాబూ కానీ," అంది. మరి కాసేపయ్యాక మెడ వెనక చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆమె మీద అతనికి కోపం రాలేదు. రావాలని చూశాడు, రాలేదు.

బుధవారం రెండో స్లాబు. పొద్దున్నే అతను పార బావ దగ్గరికి పోయాడు. "బావా, ఇవాళ నువ్వు పైన మట్టం చెక్క లాగు. కాస్త గాలైనా తగులుద్ది. పార నాకియ్యి."

ముసలాయన అతని మొహంలోకి చూశాడు. పార చేతికిచ్చి, పైకి వాలెక్కాడు.

మిల్లరు కక్కడం మొదలెట్టింది. అతను పార దించి నింపుతున్నాడు. ఒక్కో ఆడమనిషి వచ్చి తట్ట ముందుపెడుతుంది, అతను వేస్తాడు, ఇద్దరు ఎత్తుతారు, ఆమె నడిచిపోతుంది. అతని చేతికి ఆ పని కొత్త కాదు. పార ఎప్పుడు నిండుగా లేస్తుందో, ఎప్పుడు నిండినట్టు కనిపించి బోలుగా లేస్తుందో అతనికి తెలుసు.

నిచ్చెన వచ్చింది. తట్ట పెట్టింది. అతను వేశాడు. ఆఖరి పారని కాంక్రీటు పైపైన తిప్పి తెచ్చి, అంచుల్లో చిందేట్టు వేశాడు. చూసేవాళ్ళకి తట్ట నిండినట్టే ఉంది. ఎత్తేవాళ్ళు ఎత్తారు. అది నాలుగడుగులు నడిచి ఆగింది. మోసిన తలకి బరువు తెలుస్తుంది కదా.

అది వెనక్కి వచ్చింది. వెనక వరస ఆగిపోయింది. "ఏంటే, ఏమైందే?" అంటున్నారు వెనకాల. అది మోకాళ్ళ మీద వంగి, తట్ట తండ్రి ముందు దించింది. అతని కళ్ళలోకి చూడలేదు. తట్టలోకే చూసింది.

"తగ్గింది నాన్నా."

"సరిపోద్దిలేవే, పద."

"అందరూ చూస్తున్నారు," అంది మెల్లిగా. "ఇంకో పార వెయ్యి."

మిల్లరు తిరుగుతోంది. వెనక ఒకామె చంకలో తట్ట సర్దుకుంది. మేస్త్రి పైనుంచి తొంగిచూసి, "ఏంట్రా అక్కడ?" అని అరిచాడు. పిల్ల తిన్నగా నిలబడి ఉంది, ఎటూ ఒరగకుండా, రెండు కాళ్ళమీదా సమంగా.

అతను పారని లోపలికంటా దింపాడు. నిండుగా ఎత్తి, కూతురి తట్టలో వేశాడు.